పన్నెండు రాశులు, ఒకే బావి

గురువారం గురజాల సంతలో ముంజెలవాడి దగ్గర నిలబడి ఉండగా అబ్దుల్ మజీదు ఆ మాట విన్నాడు. సోమవారం పొద్దున తుమికిపాడు పల్లె జనం ఊరి నడుమ జిల్లా బోర్డు తవ్వించిన బోర్డు బావిలో చేద వేస్తారట. తాసిల్దారు వచ్చి దగ్గర నిలబడతాడట. ఇద్దరు జవాన్లు కూడా వస్తారట. విన్నవాళ్ళలో ఒకడు మంచి పనే అన్నాడు. ఇంకొకడు పక్కకి తిరిగి ఉమ్మాడు. మజీదు చేతిలో ముంజె అట్లాగే ఉండిపోయింది.

అతనికి ఆ బావి నీళ్ళ సంగతి తెలుసు. పుట్టినప్పటినుంచీ అవి తాగిన పిల్లలకి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేసరికి వాటిమీద తుప్పు చారలుంటాయి. ముప్ఫై ఏళ్ళకి మెడ తిరగదు. నలభై దాటితే వంగిన నడుము లేవదు. ఆ చుట్టుపక్కల ఈ సంగతి కనిపెట్టినవాడు తనొక్కడే. పల్లె అంటే ఊరికి తూర్పున, వాగు ఒడ్డున ఉన్న ముప్ఫై గుడిసెలు. అందరూ కిరస్తానీలు. ఏసుని నమ్ముకుని రెండు తరాలైనా ఊరివాళ్ళ దృష్టిలో ఇంకా అంటరానివాళ్ళే. సోమవారం నుంచి ఆ ముప్ఫై గుడిసెల్లోని పిల్లలు తాగబోయేది ఆ నీళ్ళు.

చెప్పాలి. మధ్యలో మూడు రోజులున్నాయి. చెబితే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. నలభై ఏళ్ళుగా బావి గట్టు తొక్కనివ్వని ఊరివాళ్ళకి మంచి సాకు దొరుకుతుంది. అదొక్కటే కాదు. ఆ సంగతి నీకెట్లా తెలిసిందిరా అని ఎవరైనా అడిగితే, నాలుగేళ్ళుగా తనని డాక్టరని పిలిపిస్తున్న పన్నెండు మందుసీసాలూ వట్టివని ముందు తన నోటితోనే ఒప్పుకోవాలి.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు.

"ఏందిరా, కూర బాలేదా?" అంది తల్లి.

"బాగుందమ్మీ."

"మరి చెప్పులు తొడుక్కుని తింటన్నావేంది?"

మజీదు కళాయి పోసే ఇంట పుట్టాడు. నిప్పు ఊదే తోలు తిత్తి, బొగ్గుల సంచి, నవసాగరం పొట్లం, తగరం కడ్డీ భుజాన వేసుకుని గురజాల నుంచి మాచర్ల దాకా ఊరూరా తిరగడం తండ్రి పని. తండ్రి పోయాక కొడుకు పని. పెరట్లో గుంట తవ్వి నిప్పు రాజేసి, ఇత్తడి గిన్నెలో ఇసకా చింతపండూ వేసి, అందులో నిలబడి పాదాలతో గిరగిరా తిరుగుతూ తోమాలి. ఆ తర్వాత నిప్పు మీద పెట్టి, నవసాగరం చల్లి, తగరం రాసి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే గిన్నె లోపల వెన్నెల కాసినట్టుంటుంది. ఇంట్లో వాళ్ళు "అబ్బ" అంటారు. ఆ అబ్బ గిన్నెకే. పోసినవాడికి మజ్జిగ కూడా పెరట్లోనే, దూరం నుంచే.

అతను బడి మొహం చూడలేదు. కోర్టు పక్కన హోటలు గిన్నెలకి కళాయి పోస్తూ, గాలికి కొట్టుకొచ్చిన సమన్ల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నాడు. బెల్లం చుట్టిన కాగితం, పంచాంగం, వేలం నోటీసు, ఏది దొరికితే అది చదివాడు. చదివినకొద్దీ అతనికి నిలకడ తగ్గింది. పెరట్లో కూర్చున్నప్పుడల్లా అరుగు మీద కూర్చున్నవాళ్ళ కంటే తను ఎక్కువ చదివానని తెలుస్తూ ఉండేది. ఆ సంగతి వాళ్ళకి తెలియకపోవడం ఒంట్లో ముల్లులా ఉండేది.

నలభై రెండులో మలయా జపానువాళ్ళ పాలైందని పేపర్లో చదివాడు. అది తన పొయ్యి మీద పడుతుందని అప్పుడు తట్టలేదు. రెండు నెలలు తిరిగేసరికి, మలయా నుంచి వచ్చే తగరం బజార్లో మాయమైంది. మిగతా కళాయివాళ్ళు సీసం కలిపి పోశారు. మెరుపు అదే, తిన్నవాడి కడుపు గతి వేరు. మజీదు ఆ పని చెయ్యలేక తిత్తి మూలన పెట్టాడు. సరిగ్గా అప్పుడే, తను గిన్నెలకి కళాయి పోసే ఒక రైలు గార్డు చనిపోతే, ఆయన భార్య పుట్టింటికి పోతూ ఒక చెక్కపెట్టె అతని చేతిలో పెట్టింది. "ఆయన దీన్ని బిడ్డలా చూసుకున్నాడు. నాకు దీని గొడవ తెలియదు. నువ్వు చదువుతావు గదా, తీసుకుపో."

పెట్టెలో పన్నెండు సీసాలు, ఒక పలుచని తెలుగు పుస్తకం. మనిషి ఒంట్లో పన్నెండు లవణాలున్నాయనీ, అందులో ఒకటి తరిగితే రోగమనీ, తరిగిన లవణాన్ని పాలచక్కెరతో నూరి రవ్వంత ఇస్తే తగ్గుతుందనీ అందులో ఉంది. చివరి పేజీలో ఒక పట్టీ. పన్నెండు రాశులు, పక్కన పన్నెండు లవణాలు. పుట్టిన నెలలో సూర్యుడు ఏ రాశిలో ఉంటే ఆ రాశి లవణం ఆ మనిషికి ముందు తరుగుతుంది. మేషానికి కాలీ ఫాస్, మకరానికి కాల్కేరియా ఫాస్, కుంభానికి నేట్రం మూర్, అంటే మన ఉప్పు. ధనుస్సుకి సిలీషియా, అంటే రాతిపొడి. మజీదు ఆ పేజీని ఎన్నిసార్లు చదివాడో లెక్క లేదు. ఆకాశానికీ ఎముకకీ మధ్య ఒక పట్టీ ఉందనీ, అది తన చేతిలో ఉందనీ తలుచుకుంటూ మళ్ళీ మేషం నుంచి మొదలుపెట్టేవాడు.

చిక్కు ఒకటే. పల్నాట్లో పుట్టిన తేదీ ఎవరికి తెలుసు? సిద్ధాంతి దగ్గరికి పోతే ఆయన జాతకాల కట్ట విప్పనైనా లేదు. "మా రాశులు చంద్రుణ్ణిబట్టిరా. నీ పుస్తకం సూర్యుడంటోంది. అది మ్లేచ్ఛుల రాశి. అవతలికి పో."

అప్పుడు అతనికి కార్తెలు గుర్తొచ్చాయి. రైతుకి తేదీ తెలియదు గానీ కార్తె తెలుసు. ఏ కార్తెలో దుక్కి, ఏ కార్తెలో విత్తు, ఏ కార్తెలో పురుగు, అన్నీ నోటికే. ఆ కార్తెలన్నీ సూర్యుడి నడకే. రోహిణి కార్తెలో పుట్టానంటే వృషభం, మఖ అంటే సింహం, హస్త అంటే కన్య. తల్లులెవరూ బిడ్డ పుట్టిన కార్తె మర్చిపోరు. "పత్తి తీతలప్పుడు నొప్పులొచ్చినయి" అంటే చాలు, అతను లెక్క కట్టేవాడు. ఈ కిటుకు ఏ పుస్తకంలోనూ లేదు. తను కనిపెట్టిందే.

పెట్టె పట్టుకుని పాత ఊళ్ళకే కొత్తగా బయల్దేరాడు. సీసాలు అయిపోతే పట్నం నుంచి మాత్రలు తెప్పించి నింపుకునేవాడు. మాత్రలు తియ్యగా ఉండేవి. చక్కెరకి రేషను పెట్టిన రోజులు. పిల్లలు లేని రోగాలు తెచ్చుకుని వరస కట్టేవాళ్ళు. కొన్ని జ్వరాలు తగ్గాయి. వాటంతటవే తగ్గాయేమోనని అప్పట్లో అతనికి తోచలేదు. మొదటిసారి ఎవరో అతన్ని అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు గ్లాసుతో ఇచ్చారు. ఆ గ్లాసు తర్వాత విడిగా కడుగుతారని అతనికి తెలుసు. అయినా ఆ పూట నేల మీద నడిచినట్టు లేదు.

తుమికిపాట్లో అతన్ని అరుగు ఎక్కించింది రామాయమ్మ. ఊళ్ళో పెద్ద రైతు గురవయ్యకి తల్లి. నడుము ముందుకు వంగిపోయి, ఎదుటివాళ్ళ మొహం చూడాలంటే కర్ర ఆనించి వెనక్కి వాలాలి. గురవయ్యకి ముప్ఫై అయిదేళ్ళే, మెడ తిరగదు. పిలిస్తే బండి తిప్పినట్టు ఒళ్ళంతా తిప్పి చూస్తాడు.

"ఏ కార్తెలో పుట్టావు పెద్దమ్మా?"

"పుష్యమి. ముప్పాళ్ళ మా పుట్టిల్లు. ఆ ఏడు వాన పడక మా అయ్య జొన్న రెండుసార్లు చల్లాడంట. నేను పుట్టిన పూట వాన పడ్డదంట. అందుకని ఆడపిల్లయినా మొహం చిట్లించకుండా పెంచారు."

"అయితే కర్కాటకం. నీకు కాల్కేరియా ఫ్లోర్ తక్కువ."

"ఏందీ?"

"ఒక రకం సున్నం అనుకో."

"సున్నమా! రోజుకి పదిసార్లు ఆకేస్తాను గదరా సాయిబూ. నా నోరు పగిలిపోతంటే ఇంకా సున్నం తక్కువంటావేంది?"

గురవయ్య నవ్వబోయి మెడ పట్టేసి ఆగిపోయాడు. నవ్వు మధ్యలో కనిపించిన పళ్ళ మీద గోధుమరంగు చారలు. రామాయమ్మ పళ్ళు మాత్రం, ఆకు గారలో కూడా, చారల్లేకుండా ఉన్నాయి. ఆమె ఆ ఊరికి పెళ్ళై వచ్చిందనీ, పళ్ళు పుట్టింట్లోనే వచ్చాయనీ ఆ రోజు మజీదు ఆలోచించలేదు. కళ్ళెదుట ఉన్నదాన్ని వదిలిపెట్టి పుష్యమి కార్తెని పట్టుకున్నాడు.

తుమికిపాట్లో నడుములు పట్టేసినవాళ్ళని ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోయాడు. పేరు, కార్తె, రాశి, ఇచ్చిన లవణం. ఏడాది తిరిగేసరికి నలభై మూడు పేర్లయ్యాయి. ఒక పొద్దున వాటిని రాశులవారీగా విడగొట్టి చూశాడు. మేషం నుంచి మీనం దాకా పన్నెండూ ఉన్నాయి. పన్నెండు లవణాలూ ఇచ్చాడు. రోగం ఒక్కటే. అది ఒక్కరికీ తగ్గలేదు.

ఇంకొకడైతే అక్కడే పెట్టె కట్టేసేవాడు. మజీదు బుర్ర అట్లా పోలేదు. మనిషికి పుట్టుక ఉన్నట్టే ఊరికీ పుట్టుక ఉంటుంది గదా అనుకున్నాడు. ఊరు పుట్టేది బొడ్రాయి నాటిన రోజున. ఊళ్ళో ముసలివాళ్ళని పట్టుకుని, తుమికిపాడు బొడ్రాయి ఏ కార్తెలో నాటారని అడిగాడు.

"కలరా ఏడు, రోహిణి కార్తెలో నాటారని మా తాత చెప్పేవాడు. ఎందుకురా, బొడ్రాయికి కూడా మాత్రేస్తావా?"

రోహిణి అంటే వృషభం. వృషభానికి నేట్రం సల్ఫ్. మళ్ళీ ఏడాది పాటు ఊరు ఊరంతటికీ అదే ఇచ్చాడు. ఊరు చప్పరించింది. ఒక్క నడుమూ లేవలేదు. మజీదు మాత్రం ఇంట్లో కూర్చోలేకపోయాడు. అన్నం తింటూ లేచేవాడు. నమాజులో వరస తప్పేవాడు. గురజాల నుంచి తుమికిపాటికి ఏడు మైళ్ళు, పని లేకపోయినా నడిచి వచ్చి, వీధులు తిరిగి, ఎవరితోనూ మాట్లాడకుండా వెనక్కి పోయేవాడు.

కిందటి మాఘంలో ఇన్నయ్య వచ్చి పిలవకపోతే అట్లాగే తిరుగుతూ ఉండేవాడేమో. ఇన్నయ్యది పల్లె. నాపరాళ్ళ గనిలో పని. బావి అందరిదీ అని అర్జీ మీద అర్జీ పెట్టింది ఆ ఇన్నయ్యే.

"మా పాపమ్మకి మోకాళ్ళు పట్టేసినయి సాయిబన్నా. పల్లెకి రాగూడదా? మా ఇళ్ళల్లో ఇత్తడి లేదని నువ్వెప్పుడూ రాలా. రోగాలు మాత్రం ఉండయ్యి."

ఆ మాట మజీదుకి తగిలింది. నిజమే. మట్టికుండలకి కళాయి అక్కర్లేదు గనక పదేళ్ళలో ఆ పల్లె గడప తొక్కలేదు. సీసాలొచ్చాక కూడా కాళ్ళు అరుగుల వైపే పోయాయి.

పాపమ్మ గుడిసె ముందు రెండు చేతులూ నేలకి ఆనించి కూర్చుని ఉంది. నడుము విల్లులా ఉంది.

"ఏ కార్తెలో పుట్టింది మీ అక్క?"

"అక్కేందన్నా, కవలలం. స్వాతి కార్తెలో, ఒకే పొద్దున. అది ముందు, నేను వెనక."

స్వాతి అంటే తుల. తులకి నేట్రం ఫాస్. మజీదు సీసా మూత తీసి, చేతిలో రెండు మాత్రలు వేసుకుని, ఒకటి పాపమ్మ వైపు చాపి ఆగిపోయాడు. పక్కనే ఇన్నయ్య ఒక నిలువెత్తు నాపరాయిని ఒక్కడే ఎత్తి గోడకి ఆనిస్తున్నాడు. ఒకే కడుపు, ఒకే కార్తె, ఒకే పొద్దు. ఒకడు నిటారుగా, ఒకతి నేల మీద. ఇన్నయ్య పళ్ళు జొన్నగింజల్లా తెల్లగా ఉన్నాయి.

"నువ్వు ఎక్కడ పెరిగావమ్మా?"

"ఆరేళ్ళప్పుడు రామాయమ్మగారి గొడ్లచావిట్లో పెట్టారు. మొన్నమొన్నటి దాకా ఆడనే. తిండి ఆడనే, పడక ఆడనే."

"నీళ్ళు?"

"దోసిట్లో పోసేవాళ్ళు. బోర్డు బావియ్యి. చానా బాగుంటయ్యన్నా. చెలమ నీళ్ళ మాదిరి పళ్ళకి ఇసక తగల్దు."

పల్లె తాగేది వాగులో చెలమల నీళ్ళు. ఎండాకాలం వాగు ఎండితే ఇసకలో గుంట తీసి, ఊరిన నీళ్ళు కొబ్బరిచిప్పతో తోడాలి. ఒక కడవ నిండేసరికి ఒక పూట పోతుంది. మజీదు ఆ రోజూ మర్నాడూ పల్లె అంతా తిరిగి నడుములు చూశాడు. డెబ్భై ఏళ్ళ ముసలివాళ్ళు కట్టెలమోపు ఎత్తుకుని వస్తున్నారు. బావిని ముట్టనివ్వనివాళ్ళు నిటారుగా ఉన్నారు. బావి మాదేనన్నవాళ్ళు వంగిపోయారు. ఆ నీళ్ళలో ఏముందో చెప్పే చదువు అతనికి లేదు. అందులో ఏదో ఉందని మాత్రం తెలిసింది. అది తెలిసిన క్షణానే చివరి పేజీలో పట్టీ చెరిగిపోయింది.

అయినా మూడు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి రోజుకొక కారణం దొరికింది. మిగతా ఊళ్ళలో మాత్రలు ఇస్తూనే ఉన్నాడు, అరుగుల మీద కూర్చుంటూనే ఉన్నాడు. ఇప్పుడు సోమవారం దగ్గరికొచ్చింది.

శుక్రవారం నమాజు కాగానే బయల్దేరాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాడు. శనివారం పొద్దున్నే రామాయమ్మ అరుగు కింద నిలబడ్డాడు. ఎక్కమన్నా ఎక్కలేదు. చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

గురవయ్య ఒళ్ళంతా తిప్పి చూశాడు. "ఎవరు పంపారు నిన్ను? పల్లె ఫాదరా?"

"ఎవరూ పంపలా. పెద్దమ్మ పళ్ళు చూడు, నీ పళ్ళు చూసుకో. ఆమె పళ్ళొచ్చింది ముప్పాళ్ళ నీళ్ళతో."

"అయితే మమ్మల్ని యాడ తాగమంటావు?"

"వాగులో. చెలమల్లో."

రామాయమ్మ కర్ర ఆనించి వెనక్కి వాలి అతని మొహం చూసింది. "వాళ్ళ కడవల పక్కన మా బిందె ముంచాల్నా? వాళ్ళు ఒళ్ళు కడుక్కునే వాగులో? ఒరే మజీదూ, నా నడుము ఎట్టాగూ పోయింది. నా పరువు కూడా వంచుతావంట్రా?"

గురవయ్య మొహంలో ఉన్నట్టుండి ఒక వెలుగు వచ్చింది. "అమ్మా, ఆగు. ఒరేయ్, ఈ మాట రేపు పల్లెలో చెప్పు. గట్టిగా చెప్పు. నీ మాటంటే వాళ్ళకి గురి. సోమవారం వాళ్ళు రాకుండా చేశావంటే మా కొట్టుగది నీకిస్తాను. డాక్టరని బోర్డు కట్టుకో. కుర్చీ కూడా నేనే వేయిస్తా."

"మరి మీరు మానతారా?"

"మేమెందుకు మానాల? నువ్వు చెప్పాల్సింది వాళ్ళకి."

కుర్చీ. మజీదు ఆ మాట విననట్టు నటించలేకపోయాడు. వీధి మలుపు దాకా అది అతనితో పాటు నడిచింది. ఆ తర్వాత తనమీద తనకే అసహ్యం పుట్టి, వాగు దాటి, ఒక తుమ్మచెట్టు కింద పొద్దుగూకే దాకా ఊరికే కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ఆదివారం కిరస్తానీల పూజ కాగానే పల్లెలోకి పోయాడు. పండగలా ఉంది. తలా కొంచెం వేసుకుని ఒక ఇత్తడి బిందె కొన్నారు. ఇన్నయ్య భార్య ఫిలోమినా దాన్ని చింతపండుతో తోముతోంది. ఆరేళ్ళ కూతురు ఎలిజబెత్ బిందెలో తన మొహం చూసుకుని నవ్వుతోంది. దాని ముందుపన్ను ఒకటి కదులుతోంది.

"రా అన్నా. తాసిల్దారు కంటే ముందే వచ్చావే!" అన్నాడు ఇన్నయ్య.

మజీదు చెప్పడం మొదలుపెట్టాడు. సగంలోనే ఇన్నయ్య మొహం మారిపోయింది.

"నిన్న గురవయ్య ఇంటికి పోయావంటగా. ఏం పెట్టారు, పప్పన్నమా?"

"ఇన్నయ్యా, నా మాట విను."

"నలభై ఏళ్ళు మేం ముట్టుకుంటే నీళ్ళు పాడవుతయ్యన్నారు. ఇయ్యాల నీళ్ళు ముట్టుకుంటే మేం పాడవుతామంటన్నారు. మాట తిప్పారు, అంతేగా? దానికి నువ్వొకడివి దొరికావు."

"వాళ్ళ తరఫున రాలేదురా. కుర్చీ ఇస్తామన్నారు, వద్దనుకుని వచ్చా. నా సీసాలు వట్టియ్యి. నాలుగేళ్ళుగా ఊళ్ళకిచ్చిందీ, మాఘంలో మీకిచ్చిందీ పాలచక్కెర. రాశీ లేదు, లవణమూ లేదు. మీ ఇద్దర్నీ చూశాకే నాకది తెలిసింది. తెలిసి కూడా మూడు నెలలు నోరు మూసుకున్నా."

ఫిలోమినా తోమడం ఆపింది. "మా చంటిదానికి జ్వరమొస్తే ఇచ్చింది కూడానా? అది బతికింది దాంతోనే అనుకుని నీ పేరు చెప్పి ప్రార్థన చేశాను గదన్నా."

"అది నీ పాలతో బతికింది చెల్లే."

ఎవరో మట్టిగడ్డ విసిరారు. మజీదు భుజానికి తగిలింది. అతను కదల్లేదు.

గుడిసె ముందునుంచి పాపమ్మ గొంతు వచ్చింది. "ఒరేయ్ ఇన్నయ్యా, ఇట్రా. నా పక్కన నిలబడరా."

"నువ్వూరుకో."

"రారా అంటే."

ఇన్నయ్య వచ్చి నిలబడ్డాడు. పాపమ్మ అతని పంచె పట్టుకుని లేవబోయింది. అతని తొడ దాకా లేచి, అంతకు మించి రాలేక అక్కడే ఆగింది. పిల్లలు నవ్వారు. పెద్దవాళ్ళు నవ్వలేదు.

"ఈ పల్లెలో ఆ నీళ్ళు తాగింది నేనొక్కదాన్నే. తియ్యగా ఉంటయ్యి. అంతకంటే నాకేం తెలవదు. మీరు చూడండి, మీ ఇష్టం." అని మళ్ళీ నేల మీదికి జారింది.

ఇన్నయ్య నేల చూస్తూ అన్నాడు. "అయితే రేపు పోవద్దా? ఆరేళ్ళు తిరిగాను. నన్ను కొట్టారు. కాగితం తెచ్చాను. పోవద్దా?"

"ఎందుకు పోం?" అంది ఫిలోమినా. "పోతాం. ఇంటికొక కడవ. ఊరి నడివీధిలోంచే తెస్తాం. రోజూ తెస్తాం. తాగం, అంతే. మన ఏసు గుడి గోడ ఎప్పట్నుంచి మొండిగా నిలబడుంది? ఆ నీళ్ళు పోసి మట్టి తొక్కుదాం. గుడ్డలుతుక్కుందాం. తాగే నీళ్ళకి చెలమలెట్టాగూ ఉన్నయ్యి."

"గెలిచిన నీళ్ళు గోడకా?"

"గెలిచినయ్ గనకనే మనిష్టం. మనం తాగట్లేదన్న మాట ఊళ్ళో ఎవరికీ చెప్పబళ్ళేదు. తాసిల్దారుకి అసలే చెప్పబళ్ళేదు."

ఇన్నయ్య మజీదు వైపు వేలు చూపించాడు. "నువ్వు చెప్పింది అబద్ధమని తేలిందా, ఆ గోడలోనే నిన్ను పెట్టి మెత్తుతా."

సోమవారం అనుకున్నట్టే జరిగింది. ఇన్నయ్య చేద వేశాడు. గిలక కిర్రుమంది. ఊరివాళ్ళు అరుగుల మీద నిలబడి చూశారు. అంతా సవ్యంగా ఉందనుకున్న తాసిల్దారు సంతోషం పట్టలేక, "తాగవయ్యా, అందరూ చూస్తారు" అన్నాడు. ఇన్నయ్య ఒక దోసెడు తాగాడు. ఆయన అంతటితో ఆగక, ఎలిజబెత్ గడ్డం పట్టుకుని "నువ్వూ తాగమ్మా" అని చెంబు అందించాడు. జనంలో ఉన్న మజీదు ఒక అడుగు ముందుకు వేశాడు. ఒక గుక్కతో ఏమీ కాదని అతనికి తెలుసు. అయినా కాలు ఆగలేదు. అంతలో ఫిలోమినా చెంబు లాక్కుని గటగటా తానే తాగేసి, మూతి తుడుచుకుని, "దానికి జలుబు బాబుగారూ" అంది. ఆయన నవ్వాడు. జవాన్లు నవ్వారు. గురవయ్య మాత్రం నవ్వకుండా మజీదు వైపు ఒళ్ళంతా తిప్పాడు.

"చెప్పలేదా?"

"చెప్పాను."

"మరి?"

"వాళ్ళిష్టం అన్నారు."

ఆ పూట నుంచి తుమికిపాట్లో ఏ అరుగు మీదా అతనికి చోటు లేదు. యుద్ధం అయిపోయి తగరం మెల్లగా బజారుకి వస్తోంది. తిత్తి దులిపి మళ్ళీ పెరళ్ళలో గుంటలు తవ్వడం మొదలుపెట్టాడు. మిగతా ఊళ్ళలో మాత్రలడిగినవాళ్ళకి అయిపోయాయన్నాడు. అబద్ధమని చెప్పే ధైర్యం ఒక్క పల్లెలోనే వచ్చింది. మళ్ళీ రాలేదు.

రామాయమ్మ ఒకసారి గొడ్లచావిడి వెనక నుంచి పాపమ్మకి కబురు పెట్టిందట. మనవడికి పాలపళ్ళు కదులుతున్నాయి, పొద్దున్నే ఎవరూ లేవకముందు ఒక కడవ చెలమ నీళ్ళు దొడ్డిగుమ్మంలో పెట్టించమని. పాపమ్మ పెట్టిస్తానంది. కాకపోతే పొద్దెక్కాక, వీధిగుమ్మంలోంచి. రామాయమ్మ ఇంకా ఏమీ తేల్చలేదు.

గుడి గోడ మొలలోతు లేచింది. మజీదు కార్తెకొకసారి పల్లెకి వస్తాడు. పిలిచినవాళ్ళెవరూ లేరు. ఇన్నయ్య పలకరించడు, పొమ్మనడు. మఖ కార్తెలో వచ్చినప్పుడు ఎలిజబెత్ నోరు తెరిచి చూపించింది. ఊడిన చోట కొత్త పన్ను సగం వచ్చింది. మజీదు దాని గడ్డం ఎత్తి ఎండవైపు తిప్పి చూశాడు. తెల్లగా ఉంది. బావి నీళ్ళు రుచి చూడని పిల్ల పన్ను తెల్లగా రావడం దేనికీ రుజువు కాదని అతనికి తెలుసు. అయినా ఇంకోసారి చూశాడు.

మట్టి తొక్కుతున్న ఇన్నయ్య ఆగి అడిగాడు. "ఏందంట?"

"తెల్లగానే ఉంది."

"ఇంకెన్ని రావాల?"

"ఇంకా చానా."

ఇన్నయ్య కడవ వంచి బావి నీళ్ళు మట్టిలో పోసుకున్నాడు. మజీదు తిత్తి భుజాన వేసుకున్నాడు గానీ పోలేదు. రెండోపన్ను కదులుతోందేమోనని వేలు పెట్టి చూస్తున్నాడు.